ఆ నీటిబొట్లను ఆపకండి



చలికాలం వచ్చిందంటే మన ఇళ్లలో ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. "గీజరు వాల్వు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి, నేలంతా తడిగా ఉంటోంది, ఏదైనా చేయండి" అని. పిలవగానే పనివాడు వస్తాడు. వాల్వు పక్కనున్న సన్నని రంధ్రాన్ని చూస్తాడు. దానికొక డమ్మీ బిగిస్తాడు. డమ్మీ సరిపోకపోతే ఎంసీల్ పూస్తాడు. బొట్లు ఆగిపోతాయి. ఇంటివారు సంతోషించి కూలి ఇచ్చి పంపుతారు. పట్టుమని పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల్లో జరిగింది మరమ్మతు కాదు. వేడెక్కే నీటికి ఉన్న ఏకైక బయటి దారిని మూసివేయడం. నేల పొడిగా ఉంది కాబట్టి ఇల్లు క్షేమంగా ఉందని మనం అనుకుంటాం. నిజానికి ఆ రోజునుంచే గోడకు వేలాడుతున్న ఆ డబ్బా ప్రమాదకరమైనదిగా మారుతుంది.

మూసివున్న పాత్రలో దేనిని వేడిచేసినా, మూసివున్న గొట్టంలోకి దేనిని నెట్టినా, అదనంగా పుట్టిన ఒత్తిడి బయటికి పోవడానికి ఒక దారి ఉండాలి. ఈ నియమం గీజరుకు వర్తిస్తుంది, మిద్దెమీది సోలార్ ట్యాంకుకు వర్తిస్తుంది, గదిగదికీ చల్లగాలి పంపే ఏసీకీ వర్తిస్తుంది. ఒకే యంత్రం అనేక గదులకు వేడినీరో చల్లగాలో అందించే ఇళ్లు మన ప్రాంతంలోనూ పెరుగుతున్నందున, ఈ నెల ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకుందాం.

మన ఊళ్ల చలి, మన ఇళ్లలో వచ్చిన మార్పు

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా అదే పీఠభూమి మీద ఉన్న ఊళ్లే. సమీపంలోని హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఇక్కడి చల్లని, పొడి గాలిని చూసే మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో నూరేళ్ల కిందట క్షయరోగుల కోసం శానిటోరియం నెలకొల్పారు. ఎండాకాలంలో హాయినిచ్చే ఈ ఎత్తు, డిసెంబరు, జనవరి మాసాల్లో తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోయేలా చేస్తుంది. ఫజ్ర్ నమాజుకు లేచే వృద్ధులకు, కీళ్ల నొప్పులున్న వారికి, ఉబ్బసంతో బాధపడే వారికి వుజూ కోసం గోరువెచ్చని నీరు విలాసం కాదు, అవసరం.

మన పెద్దల కాలంలో ఈ అవసరాన్ని రాగి బాయిలరు తీర్చేది. మధ్యలో పొగగొట్టం, దాని చుట్టూ నీరు, అడుగున కట్టెల మంట. పైనున్న గరాటులో ఒక చెంబు చల్లనీరు పోస్తే పక్కనున్న గొట్టం నుంచి ఒక చెంబు వేడినీరు వచ్చేది. చూడడానికి మోటుగా ఉన్నా అందులో ఒక గొప్ప రక్షణ ఉంది. దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మంట ఎంత ఎక్కువైనా నీరు మరిగి ఆవిరి బయటికి పోతుంది తప్ప, లోపల ఒత్తిడి పెరగదు. నీటి వేడి కూడా మరిగే స్థాయిని దాటదు. మదనపల్లె ఎత్తులో ఆ స్థాయి సుమారు 98 డిగ్రీల సెల్సియస్.

ఇప్పుడు ఆ బాయిలరు స్థానంలో గోడకు గీజరు వచ్చింది. ఇది నోరు మూసుకున్న పాత్ర. సౌకర్యం పెరిగింది. దానితోపాటు బాయిలరు తనంతట తానే చేసుకున్న పనిని ఇప్పుడు ఒక చిన్న వాల్వుకు అప్పగించాం. ఆ వాల్వు ఏం చేస్తుందో తెలియకపోవడం వల్లనే దానికి డమ్మీ పెడుతున్నాం.

అర లీటరు నీటి లెక్క

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుందని పిల్లలు బడిలో చదువుకుంటారు. ఎంత వ్యాకోచిస్తుందో లెక్కవేద్దాం. 25 డిగ్రీల నీటిని 70 డిగ్రీల వరకు వేడిచేస్తే దాని పరిమాణం నూటికి సుమారు రెండు వంతులు పెరుగుతుంది. అంటే 25 లీటర్ల గీజరులో దాదాపు అర లీటరు నీరు అదనంగా తయారవుతుంది. తొట్టి మాత్రం ఉక్కుది, అది సాగదు. నీరు కూడా గాలిలాగా అణిగి ఉండేది కాదు. మరి ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి?

పాత పద్ధతిలో బిగించిన గీజర్లలో ఆ నీరు వచ్చిన దారినే వెనక్కి, మిద్దెమీది ట్యాంకు వైపు జరిగేది. బొట్టు కూడా బయట కనిపించేది కాదు. ఇప్పటి గీజర్లకు కింద చల్లనీరు వచ్చే చోట ఒక మల్టీ ఫంక్షన్ వాల్వు బిగిస్తున్నారు. అందులో నాన్ రిటర్న్ ఏర్పాటు ఉంటుంది. వేడినీరు చల్లనీటి గొట్టంలోకి తిరిగి పోకుండా అది అడ్డుకుంటుంది. వెనక్కి దారి లేదు కనుక ఒత్తిడి పెరుగుతుంది. పెరిగి పెరిగి ఒక హద్దుకు చేరగానే అదే వాల్వులోని స్ప్రింగు కొద్దిగా కదిలి, పక్కనున్న రంధ్రం గుండా కొన్ని బొట్లను వదులుతుంది. ఆ హద్దు సాధారణంగా 8 బార్లు. ఒక బారు అంటే సుమారు పది మీటర్ల నీటి ఎత్తు కలిగించే ఒత్తిడి. ఆ లెక్కన 8 బార్లు అంటే 80 మీటర్ల ఎత్తైన నీటి స్తంభం బరువు. చదరపు సెంటీమీటరుకు ఎనిమిది కిలోల చొప్పున తొట్టి గోడలను తోస్తున్నట్లు లెక్క.

కనుక గీజరు వేడెక్కుతున్నంతసేపు కొన్ని బొట్లు కారి, వేడెక్కడం పూర్తికాగానే ఆగిపోతే అది లీకు కాదు. వాల్వు తన పని తాను చేస్తున్నదనడానికి సాక్ష్యం. పాత గీజరు కారలేదు, కొత్తది కారుతోంది, కాబట్టి కొత్తది నాసిరకమని భావించడం పొరపాటు.

మూడు కాపలాలు, మూడూ తప్పితే

గీజరులో సాధారణంగా మూడు కాపలాలుంటాయి. మొదటిది థర్మోస్టాట్. మనం పెట్టిన వేడికి చేరగానే అది కరెంటును ఆపుతుంది. అది చెడిపోతే రెండవదైన థర్మల్ కటౌట్ ఇంకా ఎక్కువ వేడి దగ్గర కరెంటును తెంచుతుంది. ఈ రెండూ విద్యుత్తుతో ముడిపడినవి. విద్యుత్తుతో పనిలేకుండా, కేవలం స్ప్రింగు బలంతో పనిచేసే మూడవ కాపలా ఈ ప్రెషర్ వాల్వు. కొన్ని గీజర్లలో వేడి మితిమీరితే కరిగి దారి ఇచ్చే ఫ్యూజిబుల్ ప్లగ్ కూడా ఉంటుంది.

మొదటి రెండూ విఫలమయ్యాయనుకుందాం. థర్మోస్టాట్ పాతదై అంటుకుపోవచ్చు. కటౌట్ మాటిమాటికీ పడిపోతున్నదని ఎవరో దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపి ఉండవచ్చు. రెండు కిలోవాట్ల గీజరు 25 లీటర్ల నీటిని నిమిషానికి ఒక డిగ్రీకి పైగా వేడిచేస్తుంది. స్విచ్ వేసి మరిచిపోయి బంధువుల ఇంటికి వెళ్లారు. అరగంటకు పైగా గడిచేసరికి 65 డిగ్రీలు. మరో గంటన్నర గడిచేసరికి అది 170 డిగ్రీలకు చేరువవుతుంది. వాల్వు తెరిచి ఉంటే, వేడెక్కుతున్న నీరూ ఆవిరీ బయటికి వచ్చి ఒత్తిడి అదుపులో ఉంటుంది. బాత్‌రూము తడిసి, ఎవరో ఒకరు గమనిస్తారు. వాల్వుకు డమ్మీ ఉంటే ఒత్తిడి అంతకంతకూ పెరుగుతుంది. 8 బార్ల ఒత్తిడిలో నీరు దాదాపు 175 డిగ్రీల వరకు మరగకుండా ద్రవంగానే ఉంటుంది. ఆ స్థితిలో తొట్టి అతుకు ఎక్కడ విడిపోయినా, లోపలి నీటిలో కొంత భాగం తక్షణం ఆవిరిగా మారుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లకు పైగా విస్తరిస్తుంది. గీజరు పేలడమంటే ఇదే. దానికి బాంబుతో పనిలేదు, పాతిక లీటర్ల నీరు చాలు.

ప్రెషర్ కుక్కరును వాడే ప్రతి గృహిణికీ ఈ శాస్త్రం అనుభవపూర్వకంగా తెలుసు. విజిల్ దారిలో అన్నం మెతుకు ఇరుక్కుంటే ఆమె కంగారు పడుతుంది. విజిల్ రాకపోతే వెంటనే మంట ఆపేస్తుంది. సేఫ్టీ వాల్వు స్థానంలో మామూలు మేకు బిగించమని ఎవరైనా చెబితే ఒప్పుకోదు. కుక్కరులో ఉండేది నాలుగైదు లీటర్లు, ఎదురుగా మనిషి ఉంటుంది. గీజరులో ఉండేది పాతిక లీటర్లు, దగ్గర ఎవరూ ఉండరు. కుక్కరు విషయంలో చూపే జాగ్రత్తలో సగమైనా గీజరుకు దక్కాలి కదా!

ఈ విద్య కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన బనూ మూసా సోదరులు, ముహమ్మద్, అహ్మద్, అల్ హసన్, యంత్రాల గురించి రాసిన 'కితాబుల్ హియల్'లో దాదాపు నూరు పరికరాలను వర్ణించారు. నీటి ప్రవాహాన్ని తనంతట తానే తెరిచే, మూసే శంఖువు ఆకారపు వాల్వులను వారు వాటిలో విరివిగా వాడారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, 1679లో, డెనీస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నేటి కుక్కరుకు పూర్వరూపమైన పాత్రను లండనులో ప్రదర్శించాడు. బరువు వేలాడదీసిన సేఫ్టీ వాల్వును రూపొందించిన ఘనత కూడా ఆయనకే దక్కింది. హద్దు దాటితే తనంతట తెరుచుకోవడం, హద్దులోకి వస్తే తనంతట మూసుకోవడం: గీజరు కింద ఉన్న వాల్వు చేసేదీ ఆ పనే.

ఒక ఇల్లు, అనేక బాత్‌రూములు

ఇప్పుడు కడుతున్న ఇళ్లలో కింద తల్లిదండ్రులు, పైన కుమారుడి కుటుంబం, ఆపైన అద్దెకున్నవారు. మూడు అంతస్తులకూ ఒకే వేడినీటి ఏర్పాటు పెట్టుకోవడం సాధారణమైంది. మిద్దెమీది ట్యాంకు నుంచి పై అంతస్తుకు నీటి ధార సన్నగా వస్తుంది. ఏడెనిమిది మీటర్ల కిందనున్న అంతస్తుకు సైతం ముప్పావు బారుకు మించి ఒత్తిడి ఉండదు. షవరు బలంగా రావాలని ప్రెషర్ పంపు పెట్టిస్తారు. అది రెండు మూడు బార్ల ఒత్తిడితో నీటిని నెడుతుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఉంది. మూడు బాత్‌రూముల్లోనూ కుళాయిలు తెరిచి ఉన్నప్పుడు పంపు బలం మూడు దారుల్లో పంచుకుపోతుంది. రెండు మూసివేస్తే అంతా ఒక్కదాని మీద పడుతుంది. మూడూ మూసివేసి గీజరు మాత్రం వేడెక్కుతూ ఉంటే, పంపు ఒత్తిడికి వ్యాకోచపు ఒత్తిడి తోడవుతుంది. మామూలుగా వేడెక్కేటప్పుడు మాత్రమే కారవలసిన వాల్వు అప్పుడు ఎక్కువగా కారడం మొదలుపెడుతుంది. దానికి చికిత్స డమ్మీ కాదు. గీజరుకు చల్లనీరు వచ్చే గొట్టం మీద ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు బిగించి రాబోయే ఒత్తిడిని తగ్గించడం ఒక మార్గం. లోపల రబ్బరు పొర, దాని వెనుక గాలి ఉండే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకును చల్లనీటి గొట్టానికి, నాన్ రిటర్న్ వాల్వుకూ గీజరుకూ మధ్య జతచేయడం మరో మార్గం. అదనపు అర లీటరు నీరు ఆ ట్యాంకులోకి వెళ్లి గాలిని కొద్దిగా నొక్కుతుంది, నీరు చల్లారితే తిరిగి వస్తుంది. నేల తడవదు, ప్రమాదమూ ఉండదు. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టినా సేఫ్టీ వాల్వును మాత్రం తీసివేయకూడదు.

మరొక జాగ్రత్త. మరమ్మతు సులువుగా ఉంటుందని కొందరు గీజరుకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య ఒక బాల్ వాల్వు పెట్టిస్తారు. ఎవరైనా దాన్ని మూసి మరిచిపోతే డమ్మీ పెట్టినట్లే. ఆ రెండింటి మధ్య ఎలాంటి కుళాయీ ఉండరాదు.

మిద్దెమీది సోలార్ ట్యాంకు

మన ప్రాంతంలో ఎండకు కొదవ లేదు, సోలార్ వాటర్ హీటర్లు చాలా ఇళ్ల మీద కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం ఒత్తిడిని తట్టుకునేలా చేసినవి కావు. ట్యాంకు పైభాగం నుంచి ఆకాశం వైపు నిలబడి ఉండే సన్నని గొట్టమే వాటి రక్షణ. దాన్ని ఎయిర్ వెంట్ అంటారు. నీరు వేడెక్కినప్పుడు ఆవిరి, గాలి దాని గుండా బయటికి పోతాయి. నీటిని వాడుకున్నప్పుడు బయటి గాలి దాని గుండానే లోపలికి వస్తుంది. కాబట్టి అది రెండు వైపులా ఊపిరితిత్తుల వంటిది. చెత్త పడుతుందనో, పక్షులు వాలుతున్నాయనో దాని నోటికి మూత బిగిస్తే వేసవి మధ్యాహ్నం ట్యాంకు ఉబ్బి చిట్లవచ్చు. నీరు వేగంగా ఖాళీ అయినప్పుడు లోపల శూన్యం ఏర్పడి తొట్టి సొట్టపడిపోవచ్చు. పక్షులు, పురుగులు పడకుండా ఉండాలంటే గొట్టం చివరను కిందికి వంచి సన్నని జాలీ కట్టవచ్చు, మూత బిగించకూడదు.

ఈ గొట్టం చివర, చల్లనీటి ట్యాంకులోని నీటి మట్టం కన్నా ఎత్తుగా ఉండాలి. లేకపోతే నీరు ఎడతెగకుండా పొర్లిపోతుంది. నీరు పొర్లుతోందని మూత బిగించడం కాదు, గొట్టాన్ని పెంచడం పరిష్కారం. ఇలాంటి ట్యాంకుకు ప్రెషర్ పంపును నేరుగా కలపడం మరింత ప్రమాదం. పంపు పెట్టాలనుకుంటే ఒత్తిడిని తట్టుకునే రకం సోలార్ ట్యాంకు, దానికి తగిన సేఫ్టీ వాల్వు తప్పనిసరి. వేసవిలో కుటుంబమంతా కొన్నాళ్లు ఊరికి వెళుతుంటే గాజు గొట్టాలపై ముదురు రంగు గుడ్డ కప్పి వెళ్లడం మంచిది. ఎండకు ఎండిన ఖాళీ గొట్టాలలోకి హఠాత్తుగా చల్లనీరు వదిలితే అవి పగిలిపోతాయి; తెల్లవారుజామునే నింపుకోవాలి.

చల్లగాలికీ అదే నియమం

నీటి సంగతి ఇలా ఉంటే గాలి సంగతి ఏమిటి? ఎయిర్ కూలరునే తీసుకోండి. అది బయటి గాలిని తడిపి లోపలికి నెడుతుంది. కిటికీలన్నీ మూసి కూలరు పెడితే మొదట చల్లగా అనిపించినా, కాసేపటికి గదంతా ఉక్కపోత. లోపలికి వచ్చినంత గాలి బయటికి పోతేనే కొత్త గాలి లోపలికి వస్తుంది. కూలరుకు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలన్న సలహా వెనుక ఉన్నది ఇదే.

రాయచోటి, మదనపల్లె వైపు నుంచి ఎన్నో కుటుంబాల వారు కువైట్ వంటి గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్నారు. అక్కడి ఇళ్లలో ఒకే యంత్రం నుంచి పైకప్పు లోపల డక్టుల ద్వారా అన్ని గదులకూ చల్లగాలి పంపే పద్ధతి సర్వసాధారణం. స్వగ్రామంలో ఇల్లు కట్టుకునేటప్పుడు అదే ఏర్పాటు కావాలని కోరుకునేవారున్నారు. విద్యుత్తు ఆదా చేయడానికి ప్రతి గది డక్టులో తెరిచి మూసే రెక్క ఒకటి పెడతారు. దాన్ని డ్యాంపరు అంటారు. ఎవరూ లేని గదికి గాలి ఆపేయవచ్చు. ఆలోచన మంచిదే, కానీ బ్లోయరుకు ఆ సంగతి తెలియదు.

ఒక లెక్క చూద్దాం. 3 టన్నుల ఏసీ నిమిషానికి దాదాపు 1,200 ఘనపుటడుగుల గాలిని కదిలిస్తుంది. హాలుకు 600, రెండు పడకగదులకు చెరి 300 చొప్పున డక్టులు వేశారు. రాత్రి హాలు, ఒక పడకగది మూసి, మిగిలిన ఒక్క గది తెరిచి ఉంచారు. 300 కోసం వేసిన డక్టులోకి బ్లోయరు 1,200 నెట్టాలని చూస్తుంది. అంత పోదు. డక్టులో ఒత్తిడి పెరుగుతుంది, గ్రిల్ దగ్గర ఈలవేసినట్లు శబ్దం వస్తుంది, అతుకుల దగ్గర గాలి కారిపోతుంది. చల్లని కాయిల్ మీదుగా వెళ్లే గాలి తగ్గిపోవడంతో దానిపై మంచు కడుతుంది. క్రమంగా ఆవిరి కాని ద్రవం కంప్రెసరులోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. చలికాలంలో అదే యంత్రాన్ని వేడిగాలి కోసం వాడితే, వేడి బయటికి పోక మాటిమాటికీ ట్రిప్ అవుతుంది.

దీనికి పరిష్కారం ఒత్తిడికి దారి ఇవ్వడమే. చల్లగాలి వెళ్లే ప్రధాన డక్టును, గాలి తిరిగి వచ్చే డక్టుతో కలుపుతూ ఒక పక్కదారి వేసి, అందులో బరువు వేలాడే రెక్కను అమరుస్తారు. దీన్ని బైపాస్ డ్యాంపరు అంటారు. గదులన్నీ తెరిచి ఉన్నప్పుడు ఆ బరువు వల్ల రెక్క మూసే ఉంటుంది. గదులు మూసేకొద్దీ ఒత్తిడి పెరిగి రెక్కను తోసి, మిగిలిన గాలి పక్కదారిన తిరిగి యంత్రంలోకి పోతుంది. పై లెక్కలో తెరిచిన గది తన 300కు పావు వంతు అదనంగా, అంటే 375 వరకు తీసుకోగలిగితే, మిగిలిన 825కు సరిపడే పక్కదారి కావాలి. సరిచూసుకునే పద్ధతి కూడా సులభం. అన్ని గదులూ తెరిచి, రెక్క అప్పుడే మూసుకునేలా బరువును జరపాలి. తర్వాత అతి చిన్న గది తప్ప అన్నీ మూసి, రెక్క తెరుచుకుంటున్నదో లేదో, గ్రిల్ దగ్గర శబ్దం తగ్గిందో లేదో చూడాలి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. అప్పటికే చల్లబడిన గాలి మళ్లీ కాయిల్ మీదికి వెళితే అది మరింత చల్లబడి మంచుకట్టవచ్చు. కాబట్టి కాయిల్ వేడిని గమనించి కంప్రెసరును ఆపే సెన్సారు తప్పక ఉండాలి. పక్కదారి పెద్దది కావడం కన్నా దాని అవసరమే తగ్గడం మేలు. ఇందుకు మూడు ఉపాయాలున్నాయి. గది డ్యాంపరు పూర్తిగా మూసుకోకుండా కొంత తెరిచే ఉండేలా అడ్డు పెట్టడం, చిన్న గదులు రెంటిని కలిపి ఒకే భాగంగా చేయడం, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే బ్లోయరును ఎంచుకోవడం. ఇల్లు కట్టేటప్పుడే వీటిని అడిగి పెట్టించుకోవాలి. పైకప్పు మూసేశాక ఖర్చు రెట్టింపవుతుంది. గదికొక స్ప్లిట్ ఏసీ ఉన్నవారికి ఈ చిక్కు లేదు. ఎందుకంటే ఒకటి ఆపితే దాని ఫ్యానూ ఆగుతుంది, ఒత్తిడి మరొకదాని మీద పడదు.

ఎవరి బాధ్యత?

ఇంటిలో ఒకరికి తెలిస్తే సరిపోతుందా? అద్దె ఇంట్లో గీజరు యజమానిది, దాన్ని వాడేది అద్దెకున్న కుటుంబం. వాల్వు కారితే అద్దెదారు సొంత ఖర్చుతో డమ్మీ పెట్టిస్తాడు, యజమానికి తెలియదు. తర్వాత వచ్చే అద్దెదారుకు అసలే తెలియదు. మన చేతిలో ఉన్న ఇల్లు, అందులో నివసించే వారి ప్రాణాలు మనకు అప్పగించబడిన అమానతు అని నమ్మే యజమాని, ప్రతి కొత్త కుటుంబం రాకముందు ఆ చిన్న రంధ్రాన్ని ఒకసారి చూడడం కనీస ధర్మం.

మస్జిదు కమిటీలకూ ఇదే విన్నపం. వుజూ ఖానాలో వృద్ధుల సౌకర్యార్థం దాతలు పెద్ద గీజర్లు సమకూరుస్తారు. మదరసా వసతి గృహాలలో, విద్యార్థినుల హాస్టళ్లలో 50, 100 లీటర్ల గీజర్లు రోజంతా పనిచేస్తాయి. ఇవి దానంగా వచ్చినవి కావడంతో, వాటిని ఎవరు పరీక్షించాలన్నది ఎవరికీ అప్పగించకుండానే మిగిలిపోతుంది. గీజరు ఇవ్వడం ఎంత పుణ్యమో, దాన్ని ఏడాదికొకసారి పరీక్షించే ఖర్చు భరించడం కూడా అంతే పుణ్యం. కమిటీలో ఒకరి పేరున ఆ పని రాసిపెట్టండి.

చూసుకోవలసినవి

గీజరు స్విచ్ ఆపి, చల్లారాక, కింద చల్లనీరు వచ్చే చోట ఉన్న వాల్వును చూడండి. దాని పక్క రంధ్రానికి డమ్మీ, పుల్ల, గుడ్డ, ఎంసీల్ ఏదైనా ఉంటే అది తీసేవరకు గీజరు వేయకండి. ఎంసీల్ పూసిన వాల్వును గోకి బాగుచేయడం కన్నా కొత్తది మార్చడమే క్షేమం. గీజరు ఖరీదుతో పోలిస్తే దాని వెల స్వల్పం.

బొట్లతో నేల తడవడం ఇబ్బంది అయితే ఆ రంధ్రానికి సన్నని గొట్టం తొడిగి, ఎక్కడా పైకి లేవకుండా, మెలిక పడకుండా కిందికి దించి, నేలమీది జాలీ పైన వదిలేయండి. గొట్టం చివర తెరిచి ఉండాలి, కంటికి కనిపించాలి, దానికి కుళాయి ఉండకూడదు.

గీజరు ఆపినా రాత్రంతా కారుతూనే ఉంటే వాల్వులో ఇసుక రేణువో ఉప్పు పొరో ఇరుక్కున్నట్లు, లేదా పంపు ఒత్తిడి ఎక్కువైనట్లు. అప్పుడు పనివాణ్ని పిలవండి. మూయమని కాదు, కారణం కనుక్కోమని చెప్పండి. లోతైన బోర్ల కఠిన జలాన్ని వాడే ఇళ్లలో తెల్లని ఉప్పు వాల్వు స్ప్రింగును పట్టేస్తుంది. అలాంటి వాల్వు బయటికి బాగానే కనిపిస్తుంది, ఒక్క బొట్టు కూడా కారదు, అవసరమైనప్పుడు తెరుచుకోదు. కాబట్టి ఎప్పుడూ కారని వాల్వును కూడా అనుమానించాలి. లీవరు ఉన్న వాల్వైతే తయారీదారు చెప్పిన గడువు ప్రకారం దాన్ని ఎత్తి, నీరు ధారగా వస్తున్నదో లేదో చూడండి. ఆ సమయంలో చేతులు, ముఖం దూరంగా ఉంచండి. ఏడాదికొకసారి తొట్టిలోని ఉప్పును తీయించి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించండి.

థర్మోస్టాట్‌ను 55 నుంచి 60 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. అంతకన్నా ఎక్కువ పెట్టడం కరెంటు దండుగ, పిల్లల చర్మానికి ముప్పు. 60 డిగ్రీల నీరే కొద్ది సెకన్లలో కాల్చగలదు. కనుక బకెట్లో ముందు చల్లనీరు పట్టి తర్వాత వేడినీరు కలపాలి. కొత్తది కొనేటప్పుడు గీజరు మీద ఐఎస్ 2082, కుక్కరు మీద ఐఎస్ 2347 ప్రమాణం సంఖ్యతో ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడండి. గీజరుతోపాటు పెట్టెలో వచ్చిన వాల్వునే బిగించమని పట్టుబట్టండి. "అది లేకపోయినా నడుస్తుంది" అని పక్కన పడేయనివ్వకండి. మిద్దె ఎక్కినప్పుడు సోలార్ ట్యాంకు వెంట్ గొట్టం వైపు కూడా ఒకసారి తల ఎత్తి చూడండి.

ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే ఇంటి గీజరును చూడండి. ఆదివారం మీ అమ్మీ అబ్బాలు, అత్తమామలు ఉంటున్న ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి గీజరునూ చూడండి. వచ్చే జుమా నాడు మస్జిదు ముతవల్లీతో ఒక మాట చెప్పండి. చలి ముదరకముందే ఈ పని పూర్తయితే, ఇన్షా అల్లాహ్, ఫజ్ర్ వేళ వేడినీరు నిశ్చింతగా వాడుకోవచ్చు.